రాగికి పుట్టిల్లు

రియాద్‌లో కిటికీ అద్దాలకు టేపు అంటించుకుని, సైరన్ మోగినప్పుడల్లా దువా చదువుకుంటూ గల్ఫ్ యుద్ధం గడిపాం. అది ముగిశాక మావారికి జెద్దాలో, బలద్ బజారులోని ఒక ట్రావెల్ ఆఫీసులో పని దొరికింది. మేమందరం ప్రాణాలతో ఉన్నామన్న సంగతి గుర్తొస్తే చాలు, వంట చేస్తూ కూడా అల్లాకు శుక్రియా చెప్పుకునేదాన్ని.

ఆ ఏడాది ఆఫీసువాళ్ళు మనవాళ్ళ కుటుంబాలను సైప్రస్ తీసుకెళ్ళాలని తలపెట్టారు. మధ్యధరా సముద్రంలోని దీవి అది. పది కుటుంబాలు చేరకపోతే మావారి పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టి ఇండియాకు పంపేస్తానని కఫీల్, అంటే మా యజమాని, ముందే చెప్పేశాడు. అడిగిన పది ఇళ్ళ మగవాళ్ళదీ ఒకటే మాట: ఆడవాళ్ళు ఒప్పుకుంటే వస్తాం.

"వాళ్ళకు నువ్వే చెప్పాల," అన్నారు మావారు.

"నేనా? బడి మొగం చూడనిదాన్ని!"

"చూడకపోతేనేం? మీ నాయన అట్లాసంతా తాగించినాడు గదా!"

నిజమే. కడపలో ఇంట్లోనే చదువు చెప్పిన మా నాయన ఖురాను తర్వాత నా ముందు పెట్టిన పుస్తకం ఇంగ్లీషు అట్లాసే. ఆఫీసువాళ్ళ ఇంగ్లీషు కరపత్రాన్ని రెండు రోజులు చదువుకున్నాను. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక పది ఇళ్ళ ఆడవాళ్ళూ మా గదిలో కూర్చున్నారు. అందరూ కడప వైపువాళ్ళే. వాళ్ళలో పెద్దది ఖాలమ్మ. ఆమె ఊఁ అంటే మిగతావాళ్ళూ ఊఁ అంటారు.

"ఆడ వానలు మన మాదిరి జూన్‌లో రావు," అని మొదలుపెట్టాను. "చలికాలంలో పడతాయి. ఎండాకాలం చినుకుండదు."

"ఇంగ జెద్దాకూ దానికీ ఏం తేడా మ్మే?" అంది ఖాలమ్మ.

"కొండలు ఖాలమ్మా! చలికాలంలో వాటి మీద మంచు కురుస్తాది. ఎండాకాలం దేవదారు చెట్ల కింద చల్లగా ఉంటాది. సముద్రం పక్కన ఉప్పు చెరువుంది. చలికాలంలో గులాబీ రంగు కొంగలొచ్చి వాల్తాయి. ఇస్లాం తొలినాళ్ళలో ఓడెక్కి వచ్చి, ఆడే కన్నుమూసిన ఒక పుణ్యాత్మురాలి సమాధి ఆ చెరువు గట్టునే ఉంది."

అందరూ తలమీద కొంగు సర్దుకున్నారు. నాకు ధైర్యం వచ్చింది.

"ఆ దీవి రాగికి పుట్టిల్లు. వేల ఏండ్ల కిందనే ఆడి రాగి ఓడలెక్కి లోకమంతా పోయింది."

ఖాలమ్మ నిటారుగా కూర్చుంది. "రాగా? ముందే చెప్పొద్దా! ఆడ రొట్టెముక్కలు తిని సావాల్నేమో అనుకుంటి. సంకటి దొరికితే ఇంగేం కావాల? రాసుకో మా పేరు!"

ఆమె వెనకే అందరూ. పది పేర్లూ నిండాయి. పరదా అవతల మావారు "అల్‌హందులిల్లా" అనుకోవడం వినిపించింది. నేను ఊరుకుంటే చాలు, ఆయన పని నిలబడుతుంది. కానీ ఈ పది పేర్ల కోసం పొద్దున రెండు రకాతుల నమాజు చదివి మరీ అడుక్కున్నాను. అలా అడిగి తీసుకున్నదాంట్లో అబద్ధం కలపబుద్ధి కాలేదు.

"ఖాలమ్మా... అది సంకటి రాగి కాదు. చెంబు రాగి."

ఖాలమ్మ మూలనున్న నీళ్ళ చెంబు వైపు చూసింది.

"అంటే ఆడికి పోయి చెంబులు నమలాల్నా మ్మే?" అంది ఖాలమ్మ.

ఎవరో కిసుక్కుమన్నారు. ఇక నవ్వులే నవ్వులు. నాకు మాత్రం నవ్వు రాలేదు. "పేర్లు కొట్టేయమంటారా?" అన్నాను.

"ఎందుకు కొట్టేసేది? పేర్లన్నీ రాసుకున్నాక గూడా నిజం చెప్తివి. అట్లయితే కొండలూ, చెరువూ, ఆ తల్లి సమాధీ నిజమే గదా! పోదాం. పిండి నేను తెస్తా. సంకటి కెలికే కట్టె నువ్వు తీస్కరా."

మరునాడు మావారు పది పేర్ల కాగితం కఫీల్ చేతిలో పెట్టి, అటునుంచి అటే ఆ కట్టె కోసం బలద్ బజారంతా తిరిగారు. దొరకలేదు. పడవ తెడ్డొకటి భుజాన వేసుకొచ్చి, "ఇది చాల్దా?" అని గుమ్మంలో నిలబడి పిల్లాడిలా నవ్వారు.