రెండు వాక్యాలు ఎంతవరకు కలిసి నడుస్తాయి

వేసవిలో ఒక శనివారం మధ్యాహ్నం నా భార్య తలనొప్పిగా ఉందని మాత్ర వేసుకుని పడుకుంది. నేను ఆఫీస్ పని మీద కాలిఫోర్నియాలో, శాంటా క్లారాలో ఉన్నాను. వర్జీనియాలో, హెర్న్‌డన్‌లోని మా ఇంట్లో ఆమెతో ఉన్నది మా అమ్మాయి ఒక్కతే. పంతొమ్మిదేళ్ళు, కాలేజీ సెలవులకు వచ్చింది. "లేపకు" అని చెప్పి తల్లి పడుకుంది. అమ్మాయి లేపలేదు. ఐదింటికి టీ పెట్టి పిలిస్తే తల్లి పలకలేదు. మెదడులో రక్తనాళం చిట్లిందని డాక్టర్లు చెప్పారు. మర్నాడు నేను విమానం దిగి ఆసుపత్రికి చేరేసరికి అయిపోయింది.

వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, వంటింట్లో నిలబడి, అమ్మాయి నన్ను ఒక ప్రశ్న అడిగింది. ఏడవలేదు. గొంతు పెంచలేదు.

"అమ్మ పడుకుంది అనుకున్నా. కానీ అమ్మ చచ్చిపోతోంది. పడుకోనీలే అని వదిలేశా. అంటే చచ్చిపోనీలే అని వదిలేశా. అంతే కదా నాన్నా?"

అంతే కాదని నాకు తెలుసు. ఎందుకు కాదో చెప్పలేకపోయాను.

మిగతావాళ్ళు చెప్పి చూశారు. పక్క వీధిలో ఉండే మా స్నేహితుడి భార్య, అమ్మాయికి చిన్నప్పటి నుంచి ఆంటీ, "నుదుటి రాతమ్మా, ఎవరు తప్పిస్తారు?" అంది.

"అయితే కార్‌లో సీట్ బెల్ట్ ఎందుకు పెట్టుకుంటారు ఆంటీ?"

ఆవిడ నొచ్చుకోలేదు. "నోరు మాత్రం అచ్చం మీ అమ్మదే" అని, తెచ్చిన పప్పుగిన్నె పొయ్యి పక్కన పెట్టి వెళ్ళింది. తెలిసిన డాక్టరొకాయన, ముందే 911కి ఫోన్ చేసి అంబులెన్స్ పిలిచినా బహుశా బతికేది కాదన్నాడు. అమ్మాయి ఆ "బహుశా" ఒక్కటే విన్నది.

నేను తర్కాన్ని నమ్ముకున్నాను. చదువుకునే రోజుల్లో మన తర్కశాస్త్రం కొంత నేర్చుకున్నాను. కొండ మీద పొగ చూసి నిప్పుందని చెప్పాలంటే, పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందనే సూత్రం కావాలి. నేనూ సూత్రంతోనే మొదలుపెట్టాను. తెలియక చేసింది తప్పు కాదు, నువ్వు తెలియక చేశావు, కాబట్టి తప్పు కాదు.

"డ్రైవ్ చేస్తూ తెలియకుండా ఎవరినో గుద్దేస్తే, గుద్దలేదు అంటామా? తప్పా కాదా అని అడగట్లేదు నాన్నా. నేను ఏం చేశాను అని అడుగుతున్నా."

నా సూత్రం ఆ ప్రశ్నకు పనికిరాదు. తను అడుగుతున్నది క్షమ కాదు, ఆ మధ్యాహ్నం తను చేసిన పనికి సరైన పేరు. ఆ పేరు తేలేదాకా కాలేజీకి వెళ్ళనని అనలేదు గానీ, ఆగస్టులో మొదలైన ఫాల్ సెమిస్టర్‌కి వెళ్ళలేదు. నేను సోఫాలో కాస్త కునుకు తీస్తే వచ్చి భుజం తట్టేది. ఎందుకని అడిగితే "ఊరికే" అనేది.

ఇంట్లో ఏదీ చదవబుద్ధి కాక, ఆదివారాలు మా ఊరి లైబ్రరీకి వెళ్ళేవాణ్ణి. అక్కడ రిటైరైన ఒక చైనా ప్రొఫెసరమ్మ, ప్రాచీన చైనా తాత్వికులు ఎలా వాదించేవారో పాఠాలు చెప్పేది. ఏడెనిమిది మందిమి వినేవాళ్ళం. వాళ్ళలో చాలామంది సూత్రంతో మొదలుపెట్టరని ఆవిడ చెప్పింది. ఒక సంగతి తీసుకుని, దాని పక్కన అలాంటిదే ఇంకొకటి పెడతారు. మొదటిది ఒప్పుకున్నావు కాబట్టి రెండోదీ ఒప్పుకోమంటారు. "నువ్వు చేస్తే లేనిది నేను చేస్తే ఏం?" అనడం కూడా వాళ్ళ లెక్కలో ఒక వాదపద్ధతే. పిల్లల్ని పెంచినవాళ్ళకి అది కొత్త కాదు.

ఇంకో పద్ధతి, వాక్యాల్ని పక్కపక్కన నడిపించడం. నల్లగుర్రం గుర్రమే, కాబట్టి నల్లగుర్రం ఎక్కితే గుర్రం ఎక్కినట్టే. ఇది నడిచింది. నడవనిది ఒకటి చెప్పండి అని ఆవిడ మమ్మల్ని అడిగింది. నా నోటికొచ్చింది చెప్పాను. "దోసె అంటే పిండే. కానీ దోసె తింటే పిండి తిన్నట్టు కాదు." దోసె ఏమిటో తెలియనివాళ్ళకి, ముందు వరసలో ఉన్న ఒక అమెరికన్ పెద్దాయన నాకంటే వివరంగా చెప్పాడు. ప్రొఫెసరమ్మ నవ్వి అసలు సంగతి చెప్పింది. ఇలాంటి వాక్యాలు కొంతదూరం కలిసి నడుస్తాయి, ఎక్కడో విడిపోతాయి. ఎక్కడ విడిపోతాయో ముందే చెప్పే సూత్రం లేదు. ప్రతిసారీ చూసుకోవాలి.

మా అమ్మాయి చేసింది అదే. రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి నడిపించింది. ఎక్కడ విడిపోయాయో చూసుకోలేదు. నేనూ చూడలేదు.

ఇంటికొచ్చి భోజనం దగ్గర చెప్పాను. "పడుకున్న మనిషే చనిపోతున్న మనిషి. అది ఒప్పుకుంటాను. కానీ పడుకున్న మనిషిని పడుకోనివ్వడం, చనిపోతున్న మనిషిని చనిపోనివ్వడం కాదు." దోసె సంగతీ చెప్పాను.

"అమ్మ దోసె కాదు."

"కాదు."

తను కంచంలో అన్నం కలుపుతూ, నాకు అంతవరకు తెలియనిది ఒకటి చెప్పింది.

"నేను దుప్పటి కప్పాను. ఏసీ చల్లగా ఉందని. పడుకున్న అమ్మకి కప్పాను. నువ్వు చెప్పినట్టు అయితే, చచ్చిపోతున్న అమ్మకి కప్పినట్టు కాదు. అది కూడా పోయిందా?"

నా వాదం ఏం తీసుకుపోగలదో అప్పుడు అర్థమైంది.

"అది పోదు. చనిపోతున్న అమ్మకే కప్పావు."

"నీకు కావాల్సింది ఉంచుకుని, అక్కర్లేనిది తీసేస్తున్నావు. అది చీటింగ్ నాన్నా."

"కాదు. కప్పడానికి చేతులూ దుప్పటీ చాలు. కింద ఉన్న మనిషికి ఏమవుతోందో నీకు తెలిసినా తెలియకపోయినా చలి ఆగుతుంది. కారుతో గుద్దడమూ అంతే, తెలియకపోయినా అవతలివాడికి దెబ్బ తగులుతుంది. చచ్చిపోనీలే అని వదిలెయ్యడం అలాంటి పని కాదు. చచ్చిపోతోందని ముందు తెలియాలి. తెలిసి ఊరుకోవాలి. తెలియదు కాబట్టి నీ తప్పు లేదు అనటం లేదు. తెలియదు కాబట్టి నువ్వు ఆ పని చేయనే లేదు."

తను ఒప్పుకోలేదు. వారం రోజులపాటు ఒక్కొక్క ఉదాహరణ తెచ్చి దాన్ని పడగొట్టాలని చూసింది. చేతులతో చేసే పనులన్నీ ఒకవైపు, తెలిస్తేనే అయ్యే పనులన్నీ ఇంకోవైపు చేరాయి. రెంటికీ మధ్య నిలబడేవి కొన్ని దొరికాయి గానీ, ఆ మధ్యాహ్నం తను చేసింది వాటిలో లేదు. నేను ఇప్పటికీ ఆ మాట మీద నిలబడతాను. దానివల్ల మా దుఃఖం తగ్గిందని చెప్పను. దుఃఖం తగ్గించడం వాదం పని కాదు. మా ఇంట్లో ఒక అబద్ధం ఉండేది, అది పోయింది.

జనవరిలో అమ్మాయి కాలేజీకి తిరిగి వెళ్ళే ముందు, ఆంటీ వాళ్ళు భోజనానికి పిలిచారు. ఇండియా నుంచి వచ్చిన వాళ్ళ అక్కయ్య, తెలియక, అమ్మకి ఎలా అయిందమ్మా అని అడిగింది. నేను ప్లేటు కింద పెట్టాను. అమ్మాయి నా వైపు చూడలేదు.

"తలనొప్పి అంది. పడుకుంటాను, లేపకు అంది. పడుకోనిచ్చాను. దుప్పటి కప్పాను. మళ్ళీ లేవలేదు."

"మంచి పనే చేశావు తల్లీ" అంది ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ.

"మంచిదో కాదో తెలియదండీ," అంది అమ్మాయి. "కానీ చేసింది అదే."