కోటు టోపీలో పడ్డ బంతి

లాక్లన్ గెడ్డిస్ జన్మలో గోల్ఫ్ కర్ర పట్టలేదు గానీ గోల్ఫ్ అంటే ప్రాణం పెట్టేవాడు. చేపల మార్కెట్ కొలువు నుంచి దిగిపోయాక, స్కాట్లాండ్ తీరంలో పోటీ ఎక్కడ జరిగినా భార్య ఎఫీని వెంటేసుకుని బస్సెక్కేవాడు. దారిపొడవునా గోల్ఫ్ పుస్తకం చదువుతూ, మాంసం కూరిన సాసేజ్ రోల్ పైపొరలన్నీ పేజీల మీద రాలుస్తూ, మహామహా విజేతల తప్పులు దిద్దేవాడు. “మోచెయ్యి వంచాడు, దరిద్రుడు” అని గొణిగేవాడు. “నీ మోచెయ్యి బీరు గ్లాసెత్తడానికి తప్ప ఎప్పుడైనా వంగిందా?” అనేది ఎఫీ, అల్లిక ఆపకుండా.

ఆంగస్ తీరాన ఒక పోటీలో గాలి పిచ్చెత్తినట్టు వీస్తోంది. ఓ కుర్ర ఆటగాడు కొట్టిన బంతి దారి తప్పి, గెడ్డిస్ భుజానికి తగిలి, అతని వానకోటు వెనక వేలాడే టోపీలో పడింది. జనం గొల్లుమన్నారు. తను కదిలితే ఆట చెడుతుందని గెడ్డిస్ రాయిలా బిగుసుకుపోయాడు. ముక్కు కారుతున్నా తుడుచుకోలేదు. “తీసి పారెయ్యరాదూ, ముసలాడా” అంది ఎఫీ. “ఊరుకో, ఆట నడుస్తోంది” అన్నాడు పెదవి కదపకుండా. ఆటగాడు పరుగున వచ్చి, “దెబ్బ గట్టిగా తగిలిందా తాతా?” అంటూ బంతి తీసుకుని, ఆట నియమం ప్రకారం గెడ్డిస్ నిలబడ్డ చోటే జారవిడిచి, గడ్డిలోంచి కొట్టాడు. నాలుగు దెబ్బల్లో బంతి వెయ్యాల్సిన గుంతకు ఆరు పట్టాయి.

సాయంత్రం పబ్బులో ఎవరో పోటీ ఎలా జరిగిందని అడిగారు. గెడ్డిస్ వాచిన భుజం తడుముకుని బరువుగా నిట్టూర్చాడు.

“బాగానే ఆడాం. ఆ ఒక్క గుంత దగ్గరే మేం కాస్త తడబడ్డాం.”