నాడి చూసే నీలం దిండు

మా డాక్టరమ్మ పోయారు. శుక్రవారం పొద్దున వాళ్ళమ్మాయి చైనా నుంచి మెసేజ్ పెట్టింది. నిద్రలోనే వెళ్ళిపోయారట. అది చదివాక నాకు ఏడుపు కంటే ముందు సిగ్గు వచ్చింది. ఎందుకో చెప్పాలి.

ఇక్కడ గల్ఫ్‌లో, ఈ సీబ్ ఊళ్ళో ఉండే తెలుగువాళ్ళలో కొందరికైనా ఆవిడ గుర్తుండే ఉంటారు. లాండ్రీ షాపు పైన చిన్న చైనా వైద్యశాల ఆవిడది. విశాఖ నుంచి వచ్చిన కొత్తలో తలనొప్పికి సూదులు గుచ్చించుకుందామని వెళ్ళి, రిసెప్షన్‌లో ఉద్యోగంతో బయటికొచ్చాను. ఆవిడది చైనా, హిందీ మాత్రం రోగుల దగ్గరే నేర్చుకున్నారు. నన్ను బేటీ అనేవారు. మీసాల డ్రైవర్లనూ బేటీ అనేవారు.

రోగి కూర్చోగానే బల్లమీద అరచేతి మందాన నీలం గుడ్డ దిండు పెట్టి, మణికట్టు దానికి ఆనించమనేవారు. తన మూడు వేళ్ళనూ టీ గ్లాసుకు ఆనించి వెచ్చచేసుకుని, అప్పుడు నాడి పట్టేవారు. "చెయ్యి వెచ్చగా ఉంది, చాలు. మిగతాది చూసుకుందాం" అనేవారు. ఆ మాటకే సగం జబ్బు తగ్గినట్టుండేది.

కరోనా వచ్చాక గ్లవ్స్ తొడుక్కుంటే నాడి తెలియడం లేదని విలవిల్లాడిపోయారు. చైనాలో చెల్లెలు ఎలా ఉందోనన్న బెంగ వేరే. కషాయాల కోసం మాత్రం జనం బాగానే వచ్చారు. టీకాలు మొదలయ్యాక, అవంటే భయపడే వాళ్ళు ఇంకా ఎక్కువ వచ్చారు. వాళ్ళతోపాటు నేనూ మొండికేశాను. "మీ కషాయం ఉండగా నాకెందుకు డాక్టరమ్మా?" అన్నాను. మెచ్చుకుంటారనుకున్నాను. ఆవిడ ముఖం పాలిపోయింది.

"నా కషాయం దగ్గుకి, బేటీ. దీనికి కాదు. నన్ను నమ్మి నీకేమైనా అయితే నేనేం చెయ్యను?"

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని టీకా కేంద్రానికి వెళ్ళారు. రోజంతా జనానికి సూదులు గుచ్చే మనిషి, ఇంజెక్షన్ చూడగానే కళ్ళు గట్టిగా మూసుకుని నా చెయ్యి పట్టుకున్నారు. ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఆవిడకూ భయమేనని అప్పుడే తెలిసింది. ఆవిడ లేచాక అదే కుర్చీలో నేను కూర్చున్నాను.

అక్కడితో ఊరుకోవచ్చుగా! ఆ సంబరంలో వచ్చినవాళ్ళందరికీ చెప్పాను, "డాక్టరమ్మే వేయించుకున్నారు, మీరూ వేయించుకోండి" అని. కడప నుంచి వచ్చి ఇక్కడ డ్రైవర్ డ్యూటీ చేసే చాచా, మోకాళ్ళ నొప్పులకు మొదటినుంచీ మా దగ్గరికే వచ్చే మనిషి, చేతిలో పొట్లం బల్లమీదే పెట్టేశాడు.

"డాక్టరే పోయి సూది ఏయించుకునిందంటే, ఇంగ ఈ మందుల్లో ఏముంది పాపా?"

ఆయన మళ్ళీ రాలేదు. ఆయన రూమ్‌వాళ్ళూ మానేశారు. టీకాను నమ్మినవాళ్ళు ఎటూ పెద్దాసుపత్రులకే పోతారు. నమ్మనివాళ్ళకు మేం పనికిరాకుండా పోయాం.

పొద్దున తాళం తీస్తూ డాక్టరమ్మ "ఇవాళ ఎవరైనా వస్తామన్నారా?" అని అడిగేవారు. "వస్తారు" అనేదాన్ని. ఒకరోజు ఆపుకోలేక, ఇదంతా నా నోటివల్లేనని ఏడ్చేశాను. ఆవిడ టీ గ్లాసుకు వేళ్ళు ఆనించి, వెచ్చబడ్డాక నా మణికట్టు పట్టుకున్నారు.

"చెయ్యి వెచ్చగా ఉంది, చాలు" అన్నారు. మిగతాది చూసుకుందామని ఈసారి అనలేదు.

వైద్యశాల మూసేసి చైనా వెళ్ళిపోతూ ఆ దిండు నా చేతిలో పెట్టారు. తర్వాత అక్కడినుంచి ఎన్నోసార్లు ఫోన్ చేశారు. తలకొట్టేసినట్టయి, నేనే రెండు మాటలతో ముగించేసేదాన్ని. నా బతుకు కోసం తన బతుకుతెరువు పోగొట్టుకున్న మనిషితో ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు.

నిన్న చాచాకు ఫోన్ చేసి చెప్పాను. "మళ్ళా ఎవురూ అట్ల చెయ్యి పట్టుకోని సూడలేదు పాపా" అన్నాడు.

ఫోన్ పెట్టేసి, టీ పెట్టుకుని, దిండు తీసి బల్లమీద పెట్టాను. అందరి మణికట్లూ ఆనిన చోట గుంట అలాగే ఉంది. నా చెయ్యి అందులో పెట్టి కూర్చున్నాను. పక్కన టీ చల్లారిపోయింది. చెయ్యి మాత్రం వెచ్చగానే ఉంది.