ఒకే బ్యాచ్ అన్నదమ్ములం

నేను వెలగబెట్టిన ఘనకార్యం ఒకటి చెబుతాను. ముందు నవ్వండి, తర్వాత తిట్టండి. రెండింటికీ నేను అర్హుడినే.

కాజీపల్లిలో ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబులో నా ఉద్యోగం. అక్కడ ఒకేసారి తయారైన బ్యాచ్ పొడిలోంచి కాస్త నమూనా తీసి పరీక్షిస్తాం. అది పాసైతే బ్యాచ్ మొత్తం పాస్. పదేళ్లు అదే పని చేసేసరికి, లోకమంతా పీపాల్లో పోసిన పొడిలాగే కనిపించడం మొదలైంది నాకు.

మా నాన్న నలభై ఆరేళ్లకే గుండెపోటుతో పోయాడు. మా కంపెనీ బస్సే నడిపే అన్న యాదగిరికి ఆ వయసు దగ్గరపడేకొద్దీ భయం పట్టుకుంది. ఉమ్మి పంపిస్తే జన్యువులు చూసి గుండెజబ్బు ముప్పు ఎంతో చెబుతారని నేనే అన్నాను.

"అయితే ఇద్దరం పంపుదాం తమ్మీ."

"ఇద్దరెందుకే అన్నా? ఒక్కటే తల్లి, ఒక్కటే తండ్రి. మనది ఒకటే బ్యాచ్. నాది పాసైతే నీది పాసే!"

నా రిపోర్టు వచ్చింది. ముప్పు తక్కువట! ఫ్యాక్టరీలో పాసైన సరుకుకు అంటించే పచ్చ చీటీ ఒకటి తెచ్చి అన్న చొక్కాకు అంటించాను. పిచ్చి మారాజు, సాయంత్రం దాకా దాన్ని తీయనే లేదు.

కొన్ని నెలలకు ఎడమ చెయ్యి రుద్దుకుంటూ వచ్చాడు.

"తమ్మీ, మెట్లెక్కితే రొమ్ముల పట్టేసినట్టయితుంది. జెర డాక్టర్‌కు సూపించుకుందునా?"

"పరేషాన్ గాకే అన్నా. గ్యాసది. మిర్చిబజ్జీలు బంద్ చెయ్."

బజ్జీలు మానేశాడు. డాక్టరు దగ్గరికి పోలేదు. వారం తిరక్కుండానే బొల్లారం దారిలో, షిఫ్టు జనంతో నిండిన బస్సును జాగ్రత్తగా పక్కకు ఆపి, స్టీరింగు మీద వాలిపోయాడు.

"నొప్పి ముందే వచ్చిందంటున్నారు, ఎందుకు తీసుకురాలేదు?" అని ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది.

వదిన నావైపు చూపించింది. "మా మరిది గ్యాస్ అన్నడు మేడం. తన పరీక్ష పాసయిందట, మా ఆయనది గూడ పాసేనట."

నేను నీళ్లు నములుతూ బ్యాచ్ సంగతి చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"తోబుట్టువులైనా జన్యువులు అందరికీ ఒకేలా రావయ్యా. మీకు రానిది ఆయనకు వచ్చి ఉండొచ్చు. అయినా నొప్పి అని మనిషి వస్తే మనిషిని చూడాలి గానీ, ఎవరిదో రిపోర్టు చూస్తారా?"

పీపాలో పొడికి అమ్మానాన్నలుండరన్న సంగతి పదేళ్ల ఉద్యోగంలో నాకు తట్టలేదు.

స్టెంటు వేశారు, అన్న బతికాడు. కానీ బస్సు మళ్లీ చేతికివ్వలేదు. ఇరవై ఏళ్లు నడిపినవాడు ఇప్పుడు ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చుని, వచ్చేపోయే బస్సుల నంబర్లు రాసుకుంటున్నాడు. ఆ గేటు దాటేటప్పుడు నాకు తలెత్తబుద్ధి కాదు.

ఒకరోజు ధైర్యం చేసి, "నాదే తప్పు అన్నా, ఒక్కసారి తిట్టరాదే" అన్నాను.

"ఎందుకు తిడత తమ్మీ? ఇంట్ల సదువుకున్నోనివి నువ్వొక్కనివే. నిన్ను గాక ఇంకెవల్ని నమ్మాలె?"

చెంప పగలగొట్టినా అంత బాధ ఉండేది కాదు.

కనుక, మిమ్మల్నందరినీ సాక్షిగా పెట్టుకుని ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట నా ఎదుట ఎవరు రొమ్ము మీద చెయ్యి వేసినా నా నోట వచ్చేది ఒకటే మాట: "బండెక్కు, దవాఖానకు పోదాం." పాపం ఆ మనిషి చొక్కా గుండీ పెట్టుకుంటున్నా సరే.