నాన్న బొటనవేలి గాటు

నా చిన్నప్పుడు మా నాన్నకు ఆర్నెల్లకోసారి పేరు మారేది. మెట్టుగూడలో మా ఇంటికి దగ్గర్లోనే ఒక గోదాములో కాంట్రాక్టరు కింద బస్తాలు మోసేవాడు. ఒకే మనిషి ఏళ్ల తరబడి పనిచేసినట్టు కాగితం మీద కనబడితే పర్మనెంటు చేయమని అడుగుతాడని వాళ్ల భయం. అందుకే హాజరు పుస్తకంలో ఒకసారి యాదగిరి అని, ఇంకోసారి మల్లేశ్ అని రాసి, పక్కన నాన్న వేలిముద్ర వేయించుకునేవారు. అక్కడ హమాలీలందరికీ అంతే కాబట్టి మాకది వింతగా తోచలేదు.

నాకు సిగ్గనిపించిందల్లా ఆ వేలిముద్రే. ప్రోగ్రెస్ కార్డు మీద అందరి నాన్నలూ సంతకం పెడితే మా నాన్న సిరా వేలు అద్దేవాడు. పట్టుబట్టి, పలక ముందు కూర్చోబెట్టి, నేను నాలుగో తరగతిలో ఉన్న వానాకాలమంతా ఆయనకు పేరు రాయడం నేర్పాను. రాయడం వచ్చిన మర్నాడే ఆ మహానుభావుడు సంతోషం పట్టలేక, పుస్తకంలో మల్లేశ్ పేరు పక్కన తన అసలు పేరు సంతకం చేసి వచ్చాడు. సాయంత్రానికి పని పోయింది.

లేబర్ కోర్టులో కేసు వేశాం. ఆ పేరుగల మనిషి తన దగ్గర ఎన్నడూ పనిచేయలేదన్నాడు కాంట్రాక్టరు. సంతకమున్న ఆ ఒక్క పేజీ చింపేశారు. వేరే పేర్ల మీద పనిచేశానని ఒప్పుకుంటే దొంగ వేలిముద్రల కేసు పెట్టిస్తానని గోదాము గుమాస్తా బెదిరించాడు. చెబితే జైలు, చెప్పకపోతే పస్తు. నాన్న గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఇంట్లో నన్నెవరూ ఒక్క మాట అనలేదు, అదే నాకు భరించరానిదైంది. పలకను పెట్టె అడుగున దాచేశాను.

పక్కింటి తాతయ్య కోర్టులో జవానుగా చేసి రిటైరైన మనిషి. "ఏందే బిడ్డా, గిట్ల మొకం ఏలాడేసినవ్?" అని అడిగితే ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఆయన ఓదార్చలేదు. స్టాంపు ప్యాడు తెచ్చి, మా గల్లీలోని హమాలీలను పిలిచి, ఒక కాగితం నిండా వేలిముద్రలు వేయించాడు. మధ్యమధ్య మా నాన్నతో మూడుసార్లు వేయించి, కింద తోచిన పేర్లు రాశాడు. తర్వాత నన్ను పిలిచి, నాన్న వేలిముద్రలున్న నా ప్రోగ్రెస్ కార్డును ఆ కాగితం పక్కనే ఉంచి, వాటిలో నాన్నవి ఏవో చూపించమన్నాడు.

ఒక్క నిమిషం పట్టలేదు. నాన్న బొటనవేలికి ఎప్పుడో బస్తా కొక్కెం దిగిన గాటు, కార్డు మీదిలాగే మూడింటిలోనూ అడ్డంగా ఉంది.

"పేర్లు వాళ్లు రాసుకున్నరు. ఏలు మీ నాయినదే గదనే," అని, నాన్న వైపు తిరిగి, "పరేషాన్ గాకు. తప్పు పేర్లు రాసినోడిది. ఆ పుస్తకాలన్నీ తెప్పియ్యమని జడ్జిసాబును అడుగు," అన్నాడు.

తీర్పు వచ్చేసరికి నాలుగో తరగతిలో ఉన్న నేను తొమ్మిదిలోకి వచ్చాను. పుస్తకాలను నిపుణులకు పంపి చూపించారు. అన్ని పేర్ల పక్కనా ఉన్నది ఒకే వేలని, మనిషి ఒక్కడేనని, పనిలోకి తీసుకోవాలని జడ్జి రాశారు. వేలిముద్రలు పోల్చడానికని కోర్టుకిచ్చిన, నేను సిగ్గుపడిన ప్రోగ్రెస్ కార్డు ఆ ఫైల్లోనే ఉండిపోయింది.

మొదటిరోజు నాన్న వెంట గేటుదాకా వెళ్లాను. గుమాస్తా నాన్న అసలు పేరు పిలిచాడు. ఎవరూ పలకలేదు. మళ్లీ పిలిచాడు. ఆ మనిషెవరా అని మా నాన్న కూడా అందరిలాగే అటూ ఇటూ చూస్తున్నాడు. పక్కనున్న హమాలీ మోచేత్తో పొడిచి, "అరే, నిన్నే!" అన్నాడు. నాకు దుఃఖం ఆగలేదు.

ఇప్పుడు కాప్రాలో మా అపార్టుమెంటు మెట్లు తుడవడానికి కాంట్రాక్టు మీద ఎవరు కొత్తగా వచ్చినా పేరు అడుగుతాను. చెప్పాక, ఇంట్లో పిలిచే పేరు అదేనా అని మళ్లీ అడుగుతాను. ముసలామె చాదస్తమని నవ్వుకుంటారు. మొన్న వచ్చినామె మాత్రం నవ్వలేదు. చీపురు ఆపి, మెట్ల కిందికి ఒకసారి చూసి, మెల్లగా ఇంకో పేరు చెప్పింది.