లావు పన్ను

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటి ఇక్కడ రాస్తున్నాను. మా చిన్నమామ ఎదురైతే నేను తల వంచుకుని పక్కకు జరగడం చూసి ఇంట్లో అందరూ భయం అనుకుంటారు. నిజానికి అది ఆయనంటే నాకున్న చులకన. మొన్న జమ్మలమడుగు బస్సు ప్రొద్దుటూరులో ఆయన వర్క్‌షాపు ముందు ఆగినప్పుడు, కొత్త ఫ్లెక్సీలో నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న ఆయన బొమ్మ కింద 'గేర్ డిజైన్ నిపుణులు' అని చదివి, చున్నీ అంచు నోటికి అడ్డం పెట్టుకున్నాను. నవ్వు తగ్గాక ఆ పాత మంట మళ్ళీ లేచింది.

పులివెందులలో బీటెక్ ముగించి, ఇంటర్వ్యూల్లో నోరు పెగలక ఇంట్లో కూర్చున్న రోజులవి. మెకానికల్ చదివిన మన తరం ఆడపిల్లలకు తెలిసే ఉంటుంది, చదువైతే చేతికొచ్చేది గానీ దానికి తగిన కుర్చీ ఎక్కడా కనబడేది కాదు. అమ్మ తన తమ్ముణ్ణి అడిగితే, ఆయన వర్క్‌షాపు మూలలో నాకో బల్ల వేయించాడు. ఆయనా ఇంజనీరే, పట్టాను అద్దంలో బిగించి గోడకు వేలాడదీశాడు, దాన్ని వాడిన గుర్తులు మాత్రం నాకెక్కడా కనిపించలేదు. బండలు కోసే మిల్లుల నుంచి ఏ గేరు విరిగి వచ్చినా ఆయన చెప్పే మందు ఒకటే, పన్ను లావు చెయ్యండి. పని లేనప్పుడు నేను, లెక్కల సూత్రాలు, పట్టికలు ఉండే డిజైన్ డేటా బుక్ మధ్యలో నవల పెట్టుకుని చదివేదాన్ని. ఆ బుక్కును ఆయన ఎన్నడూ తెరవడు కనుక ఆ షాపులో అంతకన్నా భద్రమైన చోటు లేదు.

ఒకరోజు జమ్మలమడుగు దగ్గర బండల మిల్లు నడిపే భాయ్ ఒకాయన వచ్చాడు. కువైట్‌లో ఏళ్ళ తరబడి డ్రైవరుగా చేసి, సంపాదించినదంతా ఆ మిల్లులో పోసిన మనిషి. రాతి దిమ్మెలు ఎత్తే క్రేనుకు కొత్త గేరు కావాలి, ఆ క్రేను కిందే ఆడవాళ్ళు బండముక్కలు ఏరుతుంటారు. లెక్క నన్ను వేయమన్నారు.

గేరు పన్నుకు రెండు గండాలు. బరువు పడినప్పుడు పన్ను వంగబోతుంది, ఆ ఒత్తిడి దాని మొదలు దగ్గర పడుతుంది, పన్ను లావు చేస్తే తగ్గుతుంది. రెండోది పన్నూ పన్నూ ఆనుకునే చోట, గీతంత సన్నని జాగాలో పడే ఒత్తిడి. దానివల్ల పన్ను ముఖం మీద అమ్మవారు పోసినట్టు గుంటలు పడి, వాటి నుంచి పగుళ్ళు లోపలికి పాకుతాయి. పన్ను ఎంత లావు చేసినా దీనికి పనికిరాదు. గేరే పెద్దది కావాలి, వెడల్పు పెరగాలి, లేదా ఉక్కును గట్టిపరచాలి. నా లెక్కలో మొదటిది నిలబడింది, రెండోది నిలబడలేదు. రెంటినీ రెండు కాగితాల మీద రాసి మామ బల్ల మీద పెట్టాను. ఆయన పై కాగితం మాత్రం ఎత్తాడు.

"పన్ను ఇరుగుతాదా ఇరగదా, అది చెప్పు సాలు."

"వంగి ఇరగదు మామా. కానీ ముఖం మీద గుంటలు..."

"ఇరగదు గదా. మళ్ళ కానీ ఏంది? అరిగితే అరగనీ, మనకు మాత్రం పండ్లు అరగవా?"

భాయ్ నా వైపు చూసి, "పాప ఏందో చెప్తాంది, ఒకతూరి ఇనప్పా" అన్నాడు.

"పాప శానా సదువుతాది లేప్పా. నీకు లావు పన్ను చేపిస్తా, నీ మనమండ్ల కాలానికి గూడ ఉంటాది."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఉక్కును గట్టిపరచాలంటే హైదరాబాదుకు పంపాలి, అంత ఓపిక మామకు లేదు.

కొన్ని నెలలకు ఆ గేరు పళ్ళనిండా గుంటలతో తిరిగొచ్చింది. మామ దానికీ మందు కనిపెట్టాడు, తిప్పి బిగించండి. క్రేనులో బరువు ఎప్పుడూ పన్నుకు ఒకే పక్క పడుతుంది కనుక, తిప్పితే వాడని పక్క పనికొస్తుంది. అంతవరకు తెలివే. ఆ పక్కా చెడి గేరు మళ్ళీ వచ్చినప్పుడు ఆయన మళ్ళీ తిప్పించాడు. అలా చేస్తే మొదట చెడిన పక్కే బరువు కిందికి వస్తుందని పట్టా ఉన్న మనిషికి తోచలేదు. ఈసారి నేను నోరు తెరిచి చెప్పాను కూడా. ఆయన గుంటలను ఆకురాయితో రుద్దించి, గేరుకు పచ్చరంగు కొట్టించి, కొత్తదానిలా ఉందని మురిసిపోయాడు.

పన్ను విరిగి దిమ్మె పడినప్పుడు ఆడవాళ్ళు సంగటి తినడానికి నీడకు వెళ్ళి ఉన్నారు, అందుకే ప్రాణాలు దక్కాయి. దిమ్మె కిందపడ్డ కోత మిషను మాత్రం నుజ్జయింది. భాయ్ మిల్లు మూసి, ఆ వయసులో మళ్ళీ కువైట్ విమానం ఎక్కాడు.

ఇప్పుడు నేను ఇంటి నుంచే ఒక కంపెనీకి డ్రాయింగులు గీస్తున్నాను. లెక్క కంప్యూటరే వేసి, నిలబడని పన్నును ఎర్రగా చూపిస్తుంది, ఆ ఎరుపు చూసి ఎంతటివాళ్ళయినా ఆగుతారు. ఆనాడు నా గొంతుకు ఆ రంగు ఉంటే బాగుండేదని కొన్ని సాయంత్రాలు డైరీ ముందు కూర్చుని అనుకుంటాను. చేత్తో వేసే ఆ లెక్కలంటే నాకు ఎంత ఇష్టమో, అవీ పోయాయి.

విరిగిన గేరు పట్టుకుని భాయ్ షాపుకు వచ్చిన రోజు, మామ సొరుగులోంచి నా మొదటి కాగితం తీసి ఆయన ముందు పరిచాడు. రెండోది ఏ చెత్తలో కలిసిందో. భాయ్ ఆ కాగితం చూసి, తలెత్తి నన్ను చూశాడు. అప్పుడు మామ నా వైపు తిరిగి అన్నదే, ఈనాటి వరకు ఆయన నాతో అన్న ఆఖరి మాట.

"పన్ను ఇరగదని రాసింది నువ్వే గదా పాపా."