పండబెట్టి లేపే పాషా

"చెప్పులు కొనేటప్పుడు కాలు పెట్టి చూడనిస్తరా లేదా?" అని అడిగాడు గౌస్ పాషా.

"అవి చెప్పులు చాచా! ఇది లాప్‌టాప్!" అన్నాడు హనుమకొండలో షాపు నడిపే మహిపాల్.

"గందుకే అడుగుతాన. ఐదు నూర్ల చెప్పులకు నాలుగడుగులు నడిచి చూడనిస్తరు. ఇంత ఖరీదుదాన్ని దూరంగెల్లి మొక్కి కొనుక్కపోవాల్నా?"

పైసలు కట్టబోతున్న ఇద్దరు చేతులు జేబుల్లోనే ఆపేశారు. "అన్నా, మాకు గూడ జర చూపియ్యి" అన్నారు. మహిపాల్ ఓడిపోయాడు. నా కళ్లతో చూశాను.

మా గల్లీ గౌస్ పాషాకు ఉన్న పిచ్చి ఇదొక్కటే. పండబెట్టి లేపనిదే ఎవరినీ లాప్‌టాప్ కొననివ్వడు. మెడలో తాయెత్తులా పెన్‌డ్రైవ్ వేలాడుతుంది. దాంట్లో లినక్స్ ఉంటుంది, విండోస్‌లా కంప్యూటర్‌ను నడిపించేది. గుచ్చితే చాలు, లోపల ఉన్నదాన్ని ముట్టకుండానే మిషన్ లినక్స్‌తో నడుస్తుంది. వైఫై దొరికిందా, పాట వినిపించిందా చూస్తాడు. తర్వాత మూత వేసి మిషన్‌ను పండబెట్టి చాయ్ తెప్పించుకుంటాడు. చాయ్ అయ్యాక మూత తెరుస్తాడు. తెర వెలిగితే పాసు. నల్లగా ఉంటే ఫెయిలు.

"రోజూ ఎనిమిది చాయ్‌లు తాగొచ్చి బువ్వ వద్దంటడు అక్కా" అని ఆయన భార్య షహనాజ్ బేగం నా దగ్గర మొత్తుకునేది. "నిఖా అప్పుడు నన్ను అర నిమిషం గూడ చూడలే. ఆ డబ్బలను మాత్రం పూటలకు పూటలు చూస్తడు."

టైపు మిషన్లు బాగు చేసి బతికిన మనిషి. అవి పోయి కంప్యూటర్లు వచ్చాక లినక్స్‌ను పట్టుకున్నాడు. ఎందుకయ్యా అంటే, "అది అందరిది అక్కా. విప్పి చూసుకోవచ్చు, బాగు చేసుకోవచ్చు, పక్కోళ్లకు ఇయ్యొచ్చు. ఎవ్వలు వద్దనరు" అన్నాడు. నేను మూడో తరగతిలో బడి మానేసినదాన్నే గానీ ఆ మాట ఒక్కసారికే అర్థమైంది. నా పచ్చడి సంగతీ అంతే. అడిగినవాళ్లందరికీ చెబుతాను. వాళ్లకు ఆ రుచి రాదు, అది వేరే విషయం.

ఇంతలో ఆయన పిచ్చి నా నెత్తికే వచ్చింది. మా మనవరాలు స్నేహలత రోజూ పరకాల నుంచి బస్సులో నిలబడి హనుమకొండ కాలేజీకి వస్తుంది. సోమవారం నుంచి ట్రైనింగు. అంతా లినక్స్ మీదే. సొంత లాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లకే చోటు. మా చేతిలో ఉన్నవి ఒక్కదానికి సరిపోయే పైసలు. అది పనికిరాకపోతే ఇంకొకటి కొనే తాహతు లేదు, పిల్ల చోటు పోయినట్టే.

బుధవారం మహిపాల్ షాపుకు పోయాం. మొదటిదానికి వైఫై దొరకలేదు. రెండోది పండింది, లేవలేదు. మూడోది చాయ్ సగంలో ఉండగానే లేపినా లేచింది. నేను కొంగుముడి విప్పబోయాను.

"ఆగక్కా, ఇది ఇప్పుడే వద్దు. రెండ్రోజులు టైమియ్యి" అన్నాడు పాషా.

"లేచింది గదా! ఇంకేం రోగం దానికి? సోమవారానికి నువ్వు పోతవా కాలేజికి?"

పెన్‌డ్రైవ్ పీక్కుని ఎటో పోయాడు. గురువారం లేడు. శుక్రవారం లేడు. శనివారం పొద్దున్నే కడిగేద్దామని వాళ్లింటికి పోయాను.

"పరకాల బస్సుల తిరుగుతాండు అక్కా," అంది షహనాజ్. "చింతపండు సంచి భుజానేసుకోని."

"చింతపండా? దేనికి?"

అప్పుడే ఒక భుజం కిందికి జారి పాషా వచ్చాడు. సంచి దించి అరుగు మీద కూలబడ్డాడు.

"ఆ మూడోది ఛార్జరుతోటి మూడు కిలోలు అక్కా. మొన్న గంత చింతపండు ఏసుకోని, నిలవడి పోయొచ్చిన. సగం తొవ్వలనే భుజం గుంజింది. నిన్న, ఇయ్యాల కిలోన్నర ఏసుకోని పోయిన. ఫికర్ లేదు. మనకు కిలోన్నర లోపల్దే కావాలె."

"కూసునైనా పోకపోయినవా?"

"పిల్లకు సీటు దొరుకుతదా?"

నోట్లోకి వచ్చిన తిట్టు మింగేశాను. నా జన్మలో అలా మింగింది అదొక్కటే.

సాయంత్రం మహిపాల్ లోపలి నుంచి ఛార్జరుతో కిలోన్నర దాటని పలచటి లాప్‌టాప్ తెచ్చాడు. ఏదో ఆఫీసులో వాడి తిరిగొచ్చినది. మూలలు కొద్దిగా గీసుకుపోయాయి. "చాచా, మీరొచ్చే లోపట్నే పండవెట్టిన, లేపిన. లేచింది" అన్నాడు. అయినా పాషా నమ్మలేదు. మళ్లీ పండబెట్టాడు, చాయ్ తాగాడు, లేపాడు. మా పైసలకే వచ్చింది.

సోమవారం స్నేహలత దాన్ని పుస్తకంలా చంకన పెట్టుకుని కాలేజీకి పోయి తన చోటులో కూర్చుంది. ఆ కబురు చెప్పడానికి పోతే పాషా భుజానికి కాపడం పెట్టించుకుంటున్నాడు.

"అక్కా, తొర్రూరు పిల్ల ఒకామె లాప్‌టాప్ అడుగుతాంది. రోజూ బస్సులనే వస్తదట. నా భుజం ఇట్లున్నది. రేపు ఒక్కసారి చింతపండు సంచి ఏసుకోని తొర్రూరు దాంక పోయొస్తవా?"

"నాకు డెబ్బై రెండేండ్లయ్యా!"

"గదే ఫికరు. నిన్ను జూసి ఎవలన్న లేచి సీటిస్తరు. నువ్వు మాత్రం కూసోవద్దు."